లేబర్ అవార్డుపై హైకోర్టుకు ఎప్పటిలోగా వెళ్లాలి? జాప్యం, వివరణ: తరచూ అడిగే ప్రశ్నలు

అవార్డు చేతికొచ్చిన కార్మికుడైనా, యాజమాన్యమైనా మొదట అడిగే ప్రశ్న ఒకటే: "హైకోర్టుకు ఎన్ని రోజుల్లో వెళ్లాలి?" చట్టంలో దీనికి అంకె లేదు. అంకె లేదు కాబట్టి తొందర లేదనుకున్నవారే ఎక్కువగా నష్టపోతున్నారు. ఎన్‌టీఆర్, కృష్ణా జిల్లాల నుంచి వచ్చేవారు పదే పదే అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఇస్తున్నాను. ఇవి సాధారణ సమాచారం మాత్రమే. మీ కాగితాలు చూసిన న్యాయవాది సలహాకు ఇవి ప్రత్యామ్నాయం కావు.

కొన్ని మాటలను ఈ వ్యాసమంతటా ఒకే అర్థంలో వాడాను. అవార్డు అంటే లేబర్ కోర్టు గానీ, ఇండస్ట్రియల్ ట్రిబ్యునల్ గానీ, ఉభయపక్షాలూ ఒప్పందం చేసుకుని ఎంచుకున్న ఆర్బిట్రేటర్ గానీ ఇచ్చిన తుది నిర్ణయం. పాత చట్టం అంటే పారిశ్రామిక వివాదాల చట్టం, 1947. కొత్త కోడ్ అంటే 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020. సవాలు అంటే అవార్డును రద్దు చేయాలనో, మార్చాలనో కోరుతూ రాజ్యాంగంలోని 226 లేదా 227 అధికరణ కింద హైకోర్టులో వేసే రిట్ పిటిషన్. వివరణ లేని జాప్యం అంటే అవార్డు సంగతి తెలిసిన రోజుకూ, సవాలు దాఖలైన రోజుకూ మధ్య గడిచిన కాలంలో కారణమూ ఆధారమూ చూపలేని భాగం. ఈ చివరి నిర్వచనంలో "భాగం" అన్న మాటను గుర్తుంచుకోండి. చాలా కేసులు దాని దగ్గరే తేలిపోతాయి.

1. అవార్డు మీద అప్పీలు ఉందా?

లేదు. పాత చట్టంలోని సెక్షన్ 17(2) ప్రకారం ప్రచురితమైన అవార్డు అంతిమం. దాన్ని ఏ కోర్టులోనూ ప్రశ్నించకూడదని ఆ సెక్షన్ చెబుతుంది. అయితే రాజ్యాంగం హైకోర్టుకు ఇచ్చిన రిట్ అధికారాన్ని మామూలు చట్టం తీసివేయలేదు. అందుకే సవాలుకు దారి మిగిలింది.

ఆ దారి ఇరుకైనది. సయ్యద్ యాకూబ్ వర్సెస్ కె.ఎస్. రాధాకృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినట్టు, రిట్ విచారణలో హైకోర్టు అప్పీలు కోర్టులా సాక్ష్యాన్ని మళ్లీ తూచదు. అధికార పరిధి లేకపోవడం, సహజ న్యాయసూత్రాలను పాటించకపోవడం, రికార్డు మీదే కనిపించే చట్టపరమైన పొరపాటు, ఏ సాక్ష్యమూ లేకుండా చేసిన నిర్ధారణ వంటివి చూపాలి. ఆలస్యంగా వెళ్లినవారు ఈ ఇరుకు దారిలోకి అడుగు పెట్టకముందే జాప్యం గురించి జవాబు చెప్పుకోవలసి వస్తుంది.

2. సవాలుకు గడువు ఎన్ని రోజులు?

226 అధికరణ కింద వేసే సవాలుకు లిమిటేషన్ చట్టం రోజుల లెక్క పెట్టలేదు. సహేతుకమైన కాలంలో రావాలన్నది కోర్టులు ఏర్పరచిన నియమం. తన హక్కు మీద తానే నిద్రపోయినవారికి విచక్షణతో ఇచ్చే ఉపశమనం నిరాకరించవచ్చు. దీన్నే కోర్టు భాషలో లాచెస్ అంటారు.

రెండు కొలబద్దలు తరచూ వినిపిస్తాయి. మధ్యప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ భాయిలాల్ భాయి (1964) కేసులో, సివిల్ దావాకు ఉన్న గడువును రిట్‌లో జాప్యానికి సాధారణ కొలతగా తీసుకోవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. పి.ఎస్. సదాశివస్వామి కేసులో ఆరు నెలలు, మహా అయితే ఏడాది అన్నది. అయితే అది ప్రమోషన్ వివాదం. ఈ రెండింటిలో ఏదీ అనుమతి పత్రం కాదు. దావా గడువైన మూడేళ్ల లోపు వచ్చినా వివరణ లేని జాప్యం ఉంటే కొట్టివేయవచ్చు. అంతకు మించినా, నమ్మదగ్గ కారణం ఉంటే విచారణకు తీసుకోవచ్చు.

నా దగ్గరికి వచ్చేవారికి నేను చెప్పే లెక్క వేరు. ఇది చట్టం పెట్టిన గడువు కాదు, జాగ్రత్త కోసం పెట్టుకునే గడువు: అవార్డు అమలుకు వచ్చే 30 రోజుల్లోనే సవాలు వేయడానికి ప్రయత్నించండి. తప్పని పరిస్థితి అయితే 90 రోజులు దాటనివ్వకండి. 90వ రోజు దాటాక ప్రతి వారానికీ లెక్క చెప్పవలసి ఉంటుందని అనుకుని నడుచుకోండి.

3. రోజులను ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి?

పాత చట్టం కింద వచ్చిన అవార్డుకు నాలుగు తేదీలు ఉంటాయి: సంతకమైన తేదీ, ప్రభుత్వానికి అందిన తేదీ, గెజిట్‌లో ప్రచురితమైన తేదీ, మీ చేతికి కాపీ వచ్చిన తేదీ. సెక్షన్ 17(1) ప్రకారం ప్రభుత్వం తనకు అందిన 30 రోజుల్లో ప్రచురించాలి. ఆ గడువు దాటినంత మాత్రాన అవార్డు చెల్లకుండా పోదని రెమింగ్టన్ ర్యాండ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రచురణ తేదీ నుంచి 30 రోజులు ముగిశాక సెక్షన్ 17-ఎ కింద అవార్డు అమలుకు వస్తుంది.

కొత్త కోడ్‌లో లెక్క మారింది. అవార్డును ఉభయపక్షాలకూ, సంబంధిత ప్రభుత్వానికీ తెలియజేస్తారు. అలా తెలియజేసిన తేదీ నుంచి 30 రోజులు ముగియగానే అది అమలుకు వస్తుంది. కాబట్టి మీ అవార్డు ఏ చట్టం కింద నడిచిన కేసులోదో మొదట చూసుకోండి. కొత్త కోడ్ వచ్చినంత మాత్రాన పాత చట్టం కింద అప్పటికే ఏర్పడిన హక్కులు, బాధ్యతలు ఆవిరైపోవు.

సవాలులో జాప్యాన్ని కొలిచేటప్పుడు హైకోర్టు సాధారణంగా చూసేది, అవార్డు సంగతి మీకు ఎప్పుడు తెలిసిందన్నది. అందువల్ల తపాలా కవరు పారేయకండి. కాపీని దాచుకుని కవరును పొయ్యిలో పెట్టినవారిని చూశాను. కవరు మీది తపాలా ముద్రే మీకు కాపీ ఏ రోజు అందిందో చెప్పే సాక్షి. సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ కాపీ చివరి పేజీలో వేసి ఉంటాయి. ఆ పేజీ జిరాక్సు తీసి విడిగా ఉంచండి.

4. మాది ఆర్బిట్రేటర్ ఇచ్చిన అవార్డు. మూడు నెలల గడువు వర్తిస్తుందని ఒకరు చెప్పారు. నిజమేనా?

ఈ పొరపాటు చదువుకున్నవారిలోనూ ఉంది. ఆర్బిట్రేషన్ అండ్ కన్సిలియేషన్ చట్టం, 1996లోని సెక్షన్ 34 వాణిజ్య, సివిల్ ఆర్బిట్రేషన్ అవార్డులకు చెందినది. దానికి మూడు నెలలు, తగిన కారణం ఉంటే మరో 30 రోజులు గడువు ఉంది. ఆ తరువాత ఒక్క రోజు కూడా క్షమించరు. పాపులర్ కన్‌స్ట్రక్షన్ కేసు (2001) నుంచి ఇది స్థిరపడిన మాట.

పాత చట్టంలోని సెక్షన్ 10-ఎ కింద జరిగే స్వచ్ఛంద ఆర్బిట్రేషన్‌కు మాత్రం సాధారణ ఆర్బిట్రేషన్ చట్టం వర్తించదని 10-ఎ(5)లోనే ఉంది. ఆ అవార్డు మీద సవాలు రిట్ ద్వారానే నడుస్తుంది. రోహ్తాస్ ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు ఈ దారిని ధ్రువీకరించింది. గుజరాత్ స్టీల్ ట్యూబ్స్ కేసులోనూ 10-ఎ ఆర్బిట్రేటర్ అవార్డునే హైకోర్టు, సుప్రీంకోర్టు పరిశీలించాయి.

దీని ఫలితం రెండు వైపులా ఉంటుంది. నాలుగు నెలలు దాటాయి కాబట్టి తలుపు మూసుకుపోయిందని వదిలేయనక్కర్లేదు. సెక్షన్ 34 లేదు కాబట్టి ఎప్పుడైనా వెళ్లవచ్చనీ అనుకోకూడదు. మరో సంగతి: జిల్లా కోర్టులో సెక్షన్ 34 పిటిషన్ వేసి, అది నిలవదని తెలిశాక హైకోర్టుకు వస్తే, ఆ కాలాన్ని సద్భావంతో తప్పు కోర్టులో గడిపిన కాలంగా చూడమని కోరవచ్చు. దానికి ఆ పిటిషన్ నంబరు, దాఖలు తేదీ, ఉత్తర్వు కాపీ జతచేయాలి. "తప్పు సలహా ఇచ్చారు" అన్న ఒక్క వాక్యం సరిపోదు.

10-ఎ అవార్డును సవాలు చేసేవారు ఆర్బిట్రేషన్ ఒప్పందం గెజిట్‌లో ప్రచురితమైందో లేదో కూడా చూసుకోవాలి. ఆ ప్రచురణ తప్పనిసరి అని కర్నాల్ లెదర్ కర్మచారి సంఘటన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఆ అభ్యంతరాన్ని కూడా వెంటనే లేవనెత్తాలి.

5. జాప్యం ఉన్నప్పుడు హైకోర్టు ఏం చూస్తుంది?

రోజుల సంఖ్య ఒక్కటే కాదు. జాప్యానికి కారణం ఏమిటి, దానికి ఆధారం ఉందా, ఈలోగా ఎదుటి పక్షం అవార్డును నమ్మి తన పరిస్థితి మార్చుకుందా, మూడో వ్యక్తి హక్కులు ఏర్పడ్డాయా అన్నవి చూస్తుంది. ఉద్యోగంలోంచి తీసేసిన కార్మికుడి స్థానంలో మరొకరిని రెగ్యులర్‌గా తీసుకుని ఉండవచ్చు. అవార్డు కింద వచ్చిన డబ్బుతో కార్మికుడు అప్పు తీర్చి, కూతురి పెళ్లి చేసి ఉండవచ్చు. నాలుగేళ్ల తరువాత ఆ డబ్బు వెనక్కి ఇమ్మనడం న్యాయమా అన్నది కోర్టు ముందుండే ప్రశ్న.

సుప్రీంకోర్టు తీర్పులు రెండు ధోరణుల్లో కనిపిస్తాయి. కలెక్టర్, ల్యాండ్ అక్విజిషన్ వర్సెస్ కతీజీ (1987) ఉదారంగా చూడమంది. టి.టి. మురళీబాబు (2014) కేసులో నాలుగేళ్లు ఊరుకున్న ఉద్యోగిని కోర్టు తప్పుబట్టింది. రెండూ చదివితే నాకు అర్థమయ్యేది ఇది: పేదరికం, అనారోగ్యం, చదువు లేకపోవడం కోర్టు మనసులో ఉంటాయి. కానీ వాటిని అఫిడవిట్‌లో తేదీలతో రాయకపోతే, కోర్టు వాటిని ఊహించుకుని రాయదు.

6. రిట్‌కు డిలే కండొనేషన్ పిటిషన్ అవసరమా? వివరణ ఎలా రాయాలి?

చట్టంలో గడువు లేదు కాబట్టి సవాలుకు సాధారణంగా విడిగా డిలే కండొనేషన్ పిటిషన్ అవసరం ఉండదు. వివరణ మాత్రం రిట్ అఫిడవిట్‌లోనే, కేసు బలాబలాల కన్నా ముందు, ఉండాలి.

ఒక అనుభవం చెబుతాను. డెల్టాలోని ఒక ఊరి నుంచి రైసుమిల్లులో పనిచేసి తొలగింపుకు గురైన ఒక పెద్దాయన వచ్చారు. చేతిలో ఎరువుల సంచిని కత్తిరించి కుట్టిన కవరు. అందులో అవార్డు, ఆస్పత్రి చీటీలు, రెండు బస్సు టికెట్లు, ఒక పోస్టల్ రసీదు ఉన్నాయి. అవార్డు వచ్చి పద్నాలుగు నెలలు అయింది. అంతకుముందు ఆయన కోసం ఎవరో తయారుచేసిన అఫిడవిట్‌లో జాప్యం గురించి ఒకే వాక్యం ఉంది: ఆర్థిక ఇబ్బందులు, అనారోగ్యం వల్ల ఆలస్యమైంది, అది ఉద్దేశపూర్వకం కాదు. ఆ వాక్యం అబద్ధం కాదు. అయినా అది వివరణ కాదు.

కవరులోని కాగితాలను బల్ల మీద తేదీల వారీగా పరిచాం. మొదటి రెండు నెలలు కాపీ కోసం. తరువాత నాలుగు నెలలు కాలి శస్త్రచికిత్స, దానికి డిశ్చార్జి చీటీ ఉంది. ఆ తరువాత యూనియన్ ఒక న్యాయవాదికి కాగితాలు పంపింది, దానికి పోస్టల్ రసీదు ఉంది. ఆయన నుంచి కాగితాలు తిరిగి వచ్చాయి, కవరు ఉంది. అన్నీ కలిపితే పద్నాలుగు నెలల్లో పన్నెండు నెలల పైచిలుకుకు ఆధారం దొరికింది. మిగిలిన ఏడు వారాలకు కాగితం లేదు. ఆ ఏడు వారాలను దాచలేదు. "ఈ కాలంలో నాకు ఆదాయం లేదు, ఫీజుకు అప్పు కోసం తిరిగాను" అని ఉన్నదున్నట్టు రాశాం. కొంత కాలానికి ఆధారం లేదని ఒప్పుకున్న అఫిడవిట్, మొత్తం కాలాన్ని ఒక్క వాక్యంతో కప్పిన అఫిడవిట్ కన్నా ఎక్కువ నమ్మకం కలిగిస్తుందని నా అభిప్రాయం.

మీరు కూడా అదే చేయండి. ఒక కాగితం మీద మూడు గళ్లు గీయండి: తేదీ, జరిగినది, ఆధారం. మూడో గడి ఖాళీగా ఉన్న చోటు వివరణ లేని జాప్యం. న్యాయవాది దగ్గరికి వెళ్లే ముందే ఆ చోటును గుర్తించండి. తేదీలను సర్దకండి, వెనక తేదీతో ఉత్తరాలు పుట్టించకండి. అఫిడవిట్‌లో అబద్ధం రాస్తే జాప్యం కన్నా పెద్ద ముప్పు వస్తుంది.

7. ఈ కాలమంతా యాజమాన్యానికి, లేబర్ ఆఫీసుకు, మంత్రిగారికి వినతిపత్రాలు ఇస్తూనే ఉన్నాం. అది చాలదా?

చాలదు. సి. జాకబ్ వర్సెస్ డైరెక్టర్ ఆఫ్ జియాలజీ (2008) కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇక్కడ ముఖ్యం: పాతబడిన హక్కుకు వినతిపత్రంతో కొత్త ప్రాణం రాదు. దానికి జవాబు వచ్చినా గడువు మళ్లీ మొదలుకాదు. వినతిపత్రాలు ఇవ్వవద్దని నేను అనను. అవి ఇస్తూనే సవాలు కూడా వేయండి.

మరో భ్రమ ఉంది. ప్రభుత్వమే అవార్డును ఆపుతుందేమో, మారుస్తుందేమో అని కొందరు ఎదురుచూస్తారు. పాత చట్టంలోని సెక్షన్ 17-ఎలో అలాంటి అధికారం రాసి ఉన్నా, న్యాయస్థానం చేసిన నిర్ణయాన్ని కార్యనిర్వాహక శాఖ కాదనడం చెల్లదని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తెలుగునాడు వర్క్‌చార్జ్‌డ్ ఎంప్లాయీస్ ఫెడరేషన్ కేసులో (1997) ఆ నిబంధనను కొట్టివేసింది. కాబట్టి ఆ ఎదురుచూపు జాప్యానికి వివరణగా నిలబడడం కష్టం.

8. 2024 బుడమేరు వరదలో కాగితాలు పోయాయి. ఆ కారణం చెప్పవచ్చా?

తప్పకుండా చెప్పవచ్చు. 2024 సెప్టెంబరు మొదట్లో సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతాల్లో ఇళ్లలోకి రోజుల తరబడి నీళ్లు నిలిచిన సంగతి హైకోర్టుకు కొత్తగా చెప్పవలసినది కాదు. అయితే వరద మీ ఇంటికి వచ్చిందని మీరు చూపాలి. ప్రభుత్వం చేసిన నష్టం లెక్కింపులో మీ పేరు, ఆ చిరునామాతో ఉన్న ఆధార్ లేదా రేషన్ కార్డు, పరిహారం జమైన బ్యాంకు పాస్‌బుక్ పేజీ పనికి వస్తాయి.

ఇక్కడ ఒక హద్దు ఉంది. వరద ఆ సెప్టెంబరుకూ, ఇల్లు శుభ్రం చేసుకుని కాగితాలు మళ్లీ సంపాదించుకోవడానికి పట్టిన మరికొన్ని వారాలకూ వివరణ. మరుసటి ఏడాది జూన్‌కు అది వివరణ కాదు. పోయిన కాగితాల కోసం లేబర్ కోర్టులో మళ్లీ సర్టిఫైడ్ కాపీకి ఎప్పుడు దరఖాస్తు పెట్టారన్నది మొదటి ప్రశ్నగా వస్తుంది. ఇప్పటికీ పెట్టకపోతే రేపే పెట్టండి.

కోవిడ్ విషయం కొంత వేరు. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని గడువుల లెక్కలోంచి సుప్రీంకోర్టు తీసివేసింది. చట్టం గడువు పెట్టని సవాలులోనూ ఆ ఉత్తర్వును బలమైన కారణంగా చూపవచ్చు. కానీ అది ఆ తేదీల మధ్య కాలానికే.

9. మేం యాజమాన్యం. బోర్డు అనుమతి, లీగల్ సెక్షన్ అభిప్రాయం, పైఅధికారి బదిలీ వల్ల ఆలస్యమైంది. దీన్ని అంగీకరిస్తారా?

దీని మీద ఆధారపడకండి. చీఫ్ పోస్ట్‌మాస్టర్ జనరల్ వర్సెస్ లివింగ్ మీడియా (2012) కేసులో 427 రోజుల జాప్యానికి ఫైలు కదలికను కారణంగా చెబితే సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ప్రభుత్వ శాఖలకు వేరే కొలత ఉండదని స్పష్టం చేసింది. 2020లో భేరులాల్ కేసులో 663 రోజుల జాప్యంతో వచ్చిన మధ్యప్రదేశ్ ప్రభుత్వం మీద 25,000 రూపాయల ఖర్చులు వేసింది. సహకార సంఘాలకు, ఆటోనగర్‌లోని చిన్న యూనిట్లకు, పెద్ద కంపెనీలకు అందరికీ ఈ హెచ్చరిక వర్తిస్తుంది.

నేను ఎక్కువగా చూసేది ఇది: అవార్డు వస్తుంది, యాజమాన్యం కదలదు. ఏడాదిన్నర తరువాత రెవెన్యూ రికవరీ నోటీసు వస్తే, అప్పుడు సవాలు వేస్తారు. అఫిడవిట్‌లో కారణం ఏం రాసినా, తేదీల పట్టిక అసలు కారణాన్ని చెప్పేస్తుంది. రికవరీ నోటీసు అందిన మరునాడే సవాలు వేశామని చెప్పుకుంటే, అంతకుముందు ఎందుకు వేయలేదన్న ప్రశ్న మరింత బలపడుతుంది.

10. యాజమాన్యం సవాలు వేసిందట. ఇక అవార్డు ఆగినట్టేనా?

కాదు. సవాలు దాఖలు కావడం వేరు, స్టే రావడం వేరు. హైకోర్టు స్టే ఇవ్వనంత వరకు అవార్డు అమల్లోనే ఉంటుంది. స్టే ఇచ్చినా కొంత సొమ్ము డిపాజిట్ చేయాలన్న షరతు పెట్టవచ్చు.

అవార్డులో మిమ్మల్ని తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమని ఉండి, యాజమాన్యం హైకోర్టుకో సుప్రీంకోర్టుకో వెళితే, పాత చట్టంలోని సెక్షన్ 17-బి కింద ఆ విచారణ సాగినంత కాలం మీరు చివరిగా అందుకున్న వేతనం పొందే హక్కు ఉంది. దీనికి షరతు: ఆ కాలంలో ఏ సంస్థలోనూ ఉద్యోగం చేయలేదని మీరు అఫిడవిట్ దాఖలు చేయాలి. మీరు వేరే చోట తగిన వేతనంతో పనిచేస్తున్నారని రుజువైతే ఆ మేరకు చెల్లింపు ఆగుతుంది. కొత్త కోడ్‌లోనూ ఇలాంటి రక్షణ ఉంది.

ఇక్కడే జాప్యం ఒక చిక్కు తెస్తుంది. 17-బి వర్తించేది విచారణ సాగే కాలానికి. యాజమాన్యం రెండేళ్లు ఆగి సవాలు వేస్తే, ఆ రెండేళ్ల వేతనాన్ని 17-బి కింద కాక, అవార్డు కిందే అడగాలి. రెండింటినీ విడివిడిగా లెక్క కట్టి పెట్టండి.

11. లేబర్ కోర్టు ఉద్యోగం ఇచ్చింది, బ్యాక్ వేజెస్ కొట్టేసింది. చేరిపోయాను. ఇప్పుడు రిటైర్మెంటు దగ్గర పడింది. ఆ భాగాన్ని సవాలు చేయవచ్చా?

డెల్టాలోని బస్సు డిపోల నుంచి, మిల్లుల నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది. దీనికి జవాబు చెప్పేటప్పుడు బాధ కలుగుతుంది. చేరిన రోజున తిరిగి ఉద్యోగం దొరికిందన్న ఊరటలో మిగతాది మరిచిపోతారు. పదేళ్ల తరువాత గ్రాట్యుటీ, ఇంక్రిమెంట్ల లెక్క కాగితం చేతికి వచ్చినప్పుడు, పోయిన సంవత్సరాలు అంకెల్లో కనిపిస్తాయి.

అవార్డులో ఒక భాగాన్ని మాత్రమే సవాలు చేయవచ్చు. ఉద్యోగంలో చేరినంత మాత్రాన ఆ హక్కు పోయినట్టు కాదు. కానీ చేరే రోజునే "బ్యాక్ వేజెస్ నిరాకరణపై నా హక్కులను కాపాడుకుంటూ, అభ్యంతరంతో చేరుతున్నాను" అని రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి. ఆ తరువాత నెలల్లోనే సవాలు వేయాలి. పదేళ్ల తరువాత వేసే సవాలు నిలబడే అవకాశం చాలా తక్కువ.

రెండు వాదనలు తరచూ వింటాను. ఒకటి, దీపాలి గుండు సుర్వసే (2013) తీర్పు ప్రకారం అక్రమ తొలగింపుకు బ్యాక్ వేజెస్ సాధారణ నియమం కదా అన్నది. ఆ సూత్రం సరైనదే. అయితే తరువాత వచ్చిన అనుకూల తీర్పు, అంతకుముందు మీరు మౌనంగా ఉన్న కాలానికి వివరణ కాదు. రెండోది, నాతోపాటు తొలగించినవారికి హైకోర్టు ఇచ్చింది కదా అన్నది. ఉత్తరప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ అరవింద్ కుమార్ శ్రీవాస్తవ (2014) కేసులో, గట్టు మీద కూర్చుని ఇతరుల కేసు గెలిచాక వచ్చేవారికి అదే ఫలితం రాదని సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పు అందరికీ వర్తించేలా ఇచ్చి ఉంటే మినహాయింపు ఉండవచ్చు.

ఒక భేదం గమనించండి. సర్వీసు కొనసాగింపు ఇచ్చిన అవార్డును యాజమాన్యం సరిగా అమలుచేయక, ప్రతి నెలా వేతనం తక్కువ లెక్కిస్తుంటే అది అవార్డు మీద సవాలు కాదు, అమలు లోపం. అలాంటి కొనసాగే తప్పుకు తర్సెమ్ సింగ్ కేసు (2008) సూత్రం మీద ఆధారపడవచ్చు. అయినా పాత బకాయిలను సాధారణంగా కేసు వేయడానికి ముందరి మూడేళ్లకే పరిమితం చేస్తారు.

12. మేం హాజరు కాకుండానే అవార్డు వచ్చేసింది. హైకోర్టుకే వెళ్లాలా?

నోటీసు అందకపోవడం వంటి తగిన కారణం ఉంటే, ముందు ఆ అవార్డు ఇచ్చిన లేబర్ కోర్టులోనే ఎక్స్ పార్టీ అవార్డును రద్దు చేయమని దరఖాస్తు పెట్టడం ఉత్తమం. ప్రచురణ తరువాత 30 రోజులు దాటినా ఆ దరఖాస్తును పరిశీలించే అధికారం లేబర్ కోర్టుకు ఉందని హర్యానా సూరజ్ మాల్టింగ్ (2018) కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ఇక్కడా వివరణ లేని జాప్యం అడ్డు తగులుతుంది. అవార్డు సంగతి ఎప్పుడు, ఎలా తెలిసిందో రాయాలి.

13. ఏ హైకోర్టు?

ఎన్‌టీఆర్, కృష్ణా, గుంటూరు జిల్లాల వివాదాలకు సాధారణంగా అమరావతిలోని నేలపాడులో ఉన్న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు. రైల్వే, బ్యాంకు వంటి కేంద్ర పరిధి సంస్థల కేసుల్లో అవార్డు హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ ఇండస్ట్రియల్ ట్రిబ్యునల్ నుంచి వచ్చి ఉండవచ్చు. అప్పుడు వివాద కారణం ఎక్కడ ఏర్పడిందన్న దాన్ని బట్టి 226(2) కింద పరిధి తేలుతుంది. దాఖలుకు ముందే దీన్ని తేల్చుకోండి. తప్పు చోట వేసి తిప్పి పంపించుకుంటే నెలలు పోతాయి.

14. అవార్డు మాకు అనుకూలం. ఎదుటివారి జాప్యాన్ని మేం ఎలా వాడుకోవాలి?

గెలిచినవారికీ గడియారం నడుస్తుంది. అవార్డు కింద రావలసిన సొమ్ముకు పాత చట్టంలోని సెక్షన్ 33-సి(1) కింద దరఖాస్తును, సొమ్ము చెల్లించవలసిన తేదీ నుంచి ఏడాదిలోగా ప్రభుత్వానికి పెట్టాలి. తగిన కారణం ఉంటేనే ఆ తరువాత స్వీకరిస్తారు. లేబర్ కోర్టు, ట్రిబ్యునల్ అవార్డులను సివిల్ కోర్టు డిక్రీలా అమలు చేయించుకునే వీలు సెక్షన్ 11(9), 11(10) కింద 2010 నుంచి ఉంది. ఆర్బిట్రేటర్ అవార్డు ఆ సెక్షన్లలో లేదు.

హైకోర్టులో కేవియట్ వేసి ఉంచితే, మీకు తెలియకుండా స్టే వచ్చే ప్రమాదం తగ్గుతుంది. కేవియట్ 90 రోజులకే పనిచేస్తుంది, తరువాత మళ్లీ వేయాలి. సవాలు వచ్చాక మొదటి కౌంటరులోనే జాప్యం అభ్యంతరం లేవనెత్తండి. ఈలోగా మీకు జరిగిన నష్టాన్ని తేదీలతో చూపండి.

15. జాప్యం కారణంగానే మా సవాలును కొట్టివేశారు. తరువాత?

సింగిల్ జడ్జి ఉత్తర్వు మీద డివిజన్ బెంచ్‌కు రిట్ అప్పీలు 30 రోజుల్లో వేయాలి. సుప్రీంకోర్టుకు స్పెషల్ లీవ్ పిటిషన్ గడువు సాధారణంగా హైకోర్టు తీర్పు తేదీ నుంచి 90 రోజులు. వీటికి చట్టబద్ధమైన గడువు ఉంది కాబట్టి, దాటితే డిలే కండొనేషన్ పిటిషన్ తప్పనిసరి. 227 అధికరణ కింద మాత్రమే వేసిన పిటిషన్‌లో ఇచ్చిన ఉత్తర్వు మీద రిట్ అప్పీలు ఉండకపోవచ్చు. పిటిషన్ శీర్షికలో ఏ అధికరణ ఉందో, కోర్టు ఏ అధికారాన్ని వినియోగించిందో చూడండి.

16. ఫీజు పెట్టుకోలేక ఆగిపోయాం. ఉచిత న్యాయ సహాయం దొరుకుతుందా?

లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం, 1987లోని సెక్షన్ 12లో పారిశ్రామిక కార్మికుడు ప్రత్యేకంగా ఉన్నాడు. ఆ కోవలోకి వస్తే ఆదాయ పరిమితి అడ్డు రాదు. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, వరద వంటి విపత్తు బాధితులు కూడా ఆ సెక్షన్‌లో ఉన్నారు. హైకోర్టులో వేసే సవాలుకు హైకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీకి దరఖాస్తు చేయాలి. ముందుగా మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లినా దారి చూపుతారు. ఫోను నంబరు 15100.

దరఖాస్తు పెట్టిన రోజే దాని నకలు మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. న్యాయవాదిని కేటాయించేలోగా వారాలు గడిస్తే, ఆ వారాలకు మీ పట్టికలోని మూడో గడిలో రాసుకోవడానికి ఆ స్టాంపే ఆధారం. వెళ్లేటప్పుడు అవార్డు సర్టిఫైడ్ కాపీ, అది వచ్చిన కవరు, తొలగింపు ఉత్తర్వు, లేబర్ కోర్టులో మీరు వేసిన పిటిషన్, ఎదుటివారి కౌంటరు, ఆధార్, మీరు గీసుకున్న మూడు గళ్ల కాగితం తీసుకెళ్లండి.